మాట్లాడని రోగి, మాట్లాడే తల్లి
(కాకినాడలో వైద్య విద్యార్థుల ఎదుట ఒక పిల్లల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

పిల్లల వైద్యాన్ని వృత్తిగా ఎంచుకోవడం గురించి మాట్లాడాలని నన్ను పిలిచినవారు ఫోనులో, "మీకు పిల్లలంటే ఇష్టం కదండీ, ఆ ఇష్టం గురించి చెబితే చాలు" అన్నారు. పిల్లలంటే ఇష్టం లేనివాళ్లెవరు? వీధిలో బెలూన్లమ్మే మనిషికీ పిల్లలంటే ఇష్టమే. మా శాఖలో చేరి ఏడాది తిరగకుండానే ఇది తమవల్ల కాదనుకున్నవాళ్లను కొందరిని చూశాను. వాళ్లలో పిల్లలను చూస్తే కరిగిపోయేవారే ఎక్కువ. మూడు కిలోల బిడ్డ ముంజేతి మీద వెంట్రుకంత సన్నని నరాన్ని వెతికి సూది పెట్టవలసి వచ్చినప్పుడు, పక్కన తల్లి ఏడుస్తూ నిలబడి ఉన్నప్పుడు, ఆ కరిగే గుణం అక్కరకు రాదు సరికదా, చెయ్యి వణికిస్తుంది. అందుచేత ఇష్టం సంగతి పక్కన పెట్టి, నా అనుభవంలో ఈ వృత్తికి అసలు ఆయువుపట్టుగా తోచినదాన్ని గురించి మాట్లాడతాను. మా రోగి మాట్లాడడు. అతని తరఫున మాట్లాడేది తల్లి. మాట్లాడని రోగిని కళ్లతో చదవడం, మాట్లాడే తల్లి మాటను తీసిపారేయకుండా వినడం, ఈ రెండు పనులూ రోజంతా చేసినా విసుగు రానివారికి ఈ శాఖ సరిపోతుంది. విసుగొచ్చేవారికి ఎంత మంచి ర్యాంకు వచ్చినా సరిపోదు.

నేను ఈ సంగతి తెలుసుకున్నది పుస్తకంలో కాదు, ఒక తప్పు చేసి. చదువు ముగించి కోనసీమలో ఒక చిన్న ఊళ్లో ప్రాక్టీసు పెట్టిన రెండో ఏట, ఒక సాయంత్రం గోదావరి మధ్యలోని లంక గ్రామం నుంచి పంటు (బల్లకట్టు) మీద ఏరు దాటి ఒక తల్లి ఎనిమిది నెలల మగబిడ్డను తీసుకొచ్చింది. "బాబు ఉండుండి గుక్కపట్టి ఏడుస్తున్నాడండీ, కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటున్నాడండీ. కాసేపటికి తనే ఊరుకుంటున్నాడు గానీ, ఊరుకున్నాక కూడా నా బిడ్డలా లేడండీ" అంది. నేను చూసిన ఆ పది నిమిషాలలో బిడ్డ ఏడవలేదు. పొట్ట మెత్తగా ఉంది, జ్వరం లేదు. బయట ఇంకా పాతికమంది కూర్చుని ఉన్నారు. వాయువు పట్టి ఉంటుందని చెప్పి, చుక్కల మందు రాసి, ధైర్యం చెప్పి పంపేశాను. ఆ తల్లి, "ఆయ్, అలాగేనండీ" అని లేచింది గానీ, గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే మొదటి పంటుకు మళ్లీ వచ్చింది. ఈసారి గుడ్డలో ఎర్రటి విరేచనం పట్టుకొచ్చి చూపించింది. మీ పాఠ్యపుస్తకంలో దీనికి మన దేశంలో ఎవరూ తినని ఏదో పండు జెల్లీతో పోలిక ఉంటుంది. నేను చూసింది మాత్రం జిగురుతో కలిసిన నెత్తుటి ముద్ద. పేగులోకి పేగు దూరిపోయింది, మీ భాషలో ఇంటస్ససెప్షన్. వెంటనే కారు మాట్లాడి పెద్దాసుపత్రికి పంపాను. అక్కడి సర్జన్లు పొట్ట తెరిచి పేగును సరిచేశారు. అదృష్టం కొద్దీ కత్తిరించి తీయవలసినంత పాడవలేదు, బిడ్డ బతికాడు. ముందురోజు సాయంత్రమే పంపి ఉంటే, కత్తితో పనిలేకుండా సెలైను ఒత్తిడితోనే ఆ పేగును వెనక్కి నెట్టగలిగేవారేమో. నేను మరిచిపోయిన లక్షణమేదీ లేదు. ఉండుండి వచ్చే ఏడుపు, కాళ్లు ముడుచుకోవడం, మధ్యలో స్తబ్దుగా ఉండిపోవడం, వయసు ఏడాదిలోపు, అన్నీ ఆమె నోటివెంట వరుసగా వచ్చాయి. "నా బిడ్డలా లేడు" అన్న ఆ ఒక్కమాటకు నేను విలువ ఇవ్వలేదు. ఎనిమిది నెలలుగా రాత్రింబవళ్లు ఆ బిడ్డను చూస్తున్న మనిషి ఆమె. పది నిమిషాలు చూసినవాణ్ణి నేను.

తల్లి మాట వినాలంటే ముందు ఆమె భాష తెలియాలి. మీలో చాలామంది ఇంగ్లీషు మీడియంలో చదువుకుని వచ్చినవారే. మన ప్రాంతపు తల్లి "నెమ్ము చేసిందండీ" అంటే ఛాతీలో కఫం చేరిందని, "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటే పక్కటెముకల కింద చర్మం లోపలికి లాక్కుపోయేంత కష్టంగా ఊపిరి తీస్తున్నాడని, "పాల ఉబ్బసం" అంటే చంటిబిడ్డకు పిల్లికూతలతో వచ్చే ఆయాసమని, "మాడు గుంటపడింది" అంటే ఒంట్లో నీరు తగ్గి నడినెత్తిన మెత్తటి చోటు దిగిపోయిందని తెలియకపోతే, కేస్ షీటులో మీరు రాసుకునేది ఆమె చెప్పిన కథ కాదు, మీకు అర్థమైనంత మేర కథ. "మాడు గుంటపడింది" అన్న ఒక్క మాటలో మీరు పది నిమిషాలు పరీక్షించి తేల్చే విషయం ఉంది. డొక్కలు ఎగరేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ న్యుమోనియా మార్గదర్శకాలలో ఒక ముఖ్య గుర్తుగా పెట్టుకుంది. మన లంకల్లో తల్లులు ఆ గుర్తును ఎవరూ నేర్పకుండానే పట్టుకుంటారు.

ఇక కళ్లతో చదవడం. పెద్దవాళ్ల వార్డులో మీరు తల నుంచి పాదం దాకా వరుసగా పరీక్షించడం నేర్చుకున్నారు. పిల్లల దగ్గర ఆ వరుస చెల్లదు. స్టెతస్కోపు ముందుగా ఛాతీకి ఆనిస్తే బిడ్డ ఏడుపు అందుకుంటాడు. ఏడుస్తున్న బిడ్డలో గుండె చప్పుడూ వినబడదు, పొట్టా తెలియదు, ఊపిరి లెక్కా కుదరదు. అందుకే ముందు దూరం నుంచి చూడాలి, తరువాత వినాలి, ఆ తరువాతే ముట్టుకోవాలి. గొంతు, చెవులు అన్నిటికంటే చివర.

ఊపిరి లెక్కించడమనే చిన్న పనిని తీసుకోండి. బిడ్డ తల్లి ఒళ్లోనే ఉండాలి. బిడ్డ చొక్కా కాస్త పైకెత్తమని తల్లికే చెప్పాలి, మనం చెయ్యి వేయకూడదు. పాలు తాగుతుంటే ఆపేదాకా, ఏడుస్తుంటే సద్దుమణిగేదాకా ఆగాలి. ఆ తరువాత పొట్టా ఛాతీ కలిసే చోట చూపు నిలిపి నిమిషం నిండా లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం పెద్దవాళ్లకు సరిపోతుందేమో గానీ, చంటిబిడ్డ ఊపిరి ఒక తీరున సాగదు. కాసేపు గబగబా తీస్తాడు, కాసేపు ఆపినట్టే ఉంటాడు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలలు నిండి ఏడాది లోపైతే 50, ఏడాది దాటి ఐదేళ్ల లోపైతే 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగమైన ఊపిరి. యంత్రం అక్కరలేదు, ఎక్స్‌రే అక్కరలేదు. ఆశా కార్యకర్త కూడా నేర్చుకుని చేయగలిగిన పని ఇది. అయినా హౌస్‌సర్జన్లు రాసిన కేస్ షీట్లు తిరగేస్తే, ఈ అంకె వేసే చోట ఏ బిడ్డకు చూసినా 28 అనో 30 అనో ఉంటుంది. నిమిషం పాటు కూర్చుని లెక్కపెట్టినవాడు ఆ అంకె వేయడు. ఆ ఒక్క నిమిషం మీకు బరువనిపిస్తే, అది ముందే తెలుసుకోవడం మంచిది.

లెక్కలంటే భయం ఉన్నవారికి కూడా ఒక మాట చెప్పాలి. పెద్దవాళ్లకు రాసే మాత్ర అందరికీ ఒకటే. మా దగ్గర ప్రతి మందూ కిలోల లెక్క. ఆరు కిలోల బిడ్డకు జ్వరం వచ్చిందనుకోండి. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 90 మిల్లీగ్రాములు ఇవ్వాలి. మందుల షాపులో ఇది రకరకాలుగా దొరుకుతుంది. చుక్కల మందులో మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటాయి, మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 ఉంటాయి, కాస్త పెద్ద పిల్లల సిరప్‌లో అదే ఐదు మిల్లీలీటర్లకు 250 ఉంటాయి. అంటే చుక్కల మందైతే మిల్లీలీటరు కంటే తక్కువ, మొదటి సిరప్ అయితే మూడున్నర మిల్లీలీటర్ల పైచిలుకు. మీరు సిరప్ అనుకుని "ఒక చెంచా వేయమ్మా" అని నోటిమాటగా చెప్పి, షాపువాడు చుక్కల మందు సీసా ఇస్తే, ఆ తల్లి ఐదు మిల్లీలీటర్ల చెంచాతో 500 మిల్లీగ్రాములు పోస్తుంది. అది ఎదిగిన మనిషి మింగే మాత్ర. రోజుకు నాలుగుసార్లు అలా పోస్తే ఆ కాలేయం గతేమిటో మీరే ఊహించుకోండి. అందుకే మా చీటీ మీద మందు పేరుకంటే ముందు బిడ్డ బరువు ఉండాలి, మోతాదు మిల్లీలీటర్లలో ఉండాలి, వీలైతే సిరంజి మీద గీత గీసి చూపించాలి. తూకం లేని పిల్లల వైద్యుడు త్రాసు లేని కొట్టువంటివాడు.

తల్లి వెనుక మామ్మగారు ఉంటుంది, ఆమెను మరిచిపోవద్దు. గోదావరి జిల్లాల్లో చంటిబిడ్డ విషయంలో అసలు అధికారం చాలా ఇళ్లలో ఆమెదే. నీళ్లు పోశాక ముక్కులో ఆముదం చుక్కలు వేయించేది ఆమే. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నెమ్ము చేస్తుంది. పచ్చకామెర్లకు ఎండలో పెడితే చాలంటుంది. ముర్రుపాలు పిండి పారబోయించి తేనె నాకించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. యువ వైద్యులు ఇక్కడే తప్పటడుగు వేస్తారు, అందరి ఎదుటా ఆమెను కసురుకుంటారు. ఆమె అక్కడ తల ఊపి, ఇంటికి వెళ్లి తన పని తాను చేస్తుంది. నేను నేర్చుకున్న పద్ధతి వేరు. ముందు ఆమె చేసిన మంచి పనిని ఒకదాన్ని వెతికి పట్టుకుంటాను. ఒళ్లంతా నూనెతో మర్దనా చేస్తుంది కదా, అది మెచ్చుకుని, "మామ్మగారూ, ఆ నూనె ఒంటికే ఉంచండి, ముక్కుకు మాత్రం వద్దండి" అంటే వింటుంది. ఎండ మాట పూర్తిగా కొట్టిపారేయవలసింది కూడా కాదు. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు, ఎండ తగిలిన చోట పసిబిడ్డ ఒంటి పసుపు తగ్గడం గమనించి వైద్యులకు చూపించింది. ఇవాళ మన నవజాత శిశు విభాగాల్లో బిడ్డలను నీలి దీపాల కింద పడుకోబెట్టే చికిత్స అక్కడే మొదలైంది. మామ్మగారి పరిశీలన సరైనదే. కాకపోతే ప్రమాద స్థాయికి చేరిన కామెర్లకు అరుగు మీది ఎండ చాలదు, ఆ ఆలస్యం బిడ్డ మెదడుకు ముప్పు. ఈ రెండో సగాన్ని ఆమెకు చెప్పాలంటే మొదటి సగాన్ని ఒప్పుకోవాలి.

వైద్యం తల్లి చేతికి అప్పగిస్తే ఎంత జరుగుతుందో తెలియాలంటే 1971 నాటి పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరం సంగతి చదవండి. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో శరణార్థుల మధ్య కలరా చెలరేగింది, సెలైను సీసాలు అయిపోయాయి. పిల్లల వైద్యంలో శిక్షణ పొందిన దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. అదే ఇవాళ మన ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు. దాన్ని కూడా సరిగా కలిపి చూపించకపోతే ప్రయోజనం లేదు. లీటరు నీళ్లకు ఒక పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. చిటికెడు చొప్పున గ్లాసులో వేసుకునే తల్లులు ఎందరో. అందుకే నా గదిలో బల్ల మీద ఒక లీటరు నీళ్ల సీసా ఎప్పుడూ ఉంటుంది. ఆమె చేతనే కలిపించి, చెంచాతో రెండు మూడు నిమిషాలకోసారి పట్టించడం మొదలుపెట్టాకే ఇంటికి పంపుతాను. జింకు 14 రోజులు వేయమని మీరు రాస్తారు, విరేచనాలు తగ్గిన మూడో రోజునే ఆమె మానేస్తుంది. ఎందుకు వేయాలో చెప్పకపోతే మానేయడం ఆమె తప్పు కాదు. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్ముకునే కంపెనీలు చాలాకాలం రాజ్యమేలాయి. హైదరాబాదులో ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. పిల్లల వైద్యుడి పని ఆసుపత్రి గోడల దగ్గర ఆగదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచదు.

మన డెల్టాలో పిల్లలకు వచ్చే ఆపదలు కొన్ని నగరం పుస్తకాల్లో ఒక పేరాతో ముగిసిపోతాయి. ఇంటి వెనక కాలువ, పక్కన చేపల చెరువు, మధ్యలో నడక నేర్చిన బిడ్డ. మధ్యాహ్నం తల్లి వంటింట్లో ఉండగా జరిగేది నిమిషాల్లో జరిగిపోతుంది. బిడ్డను తలకిందులుగా పట్టి, గిరగిరా తిప్పి నీళ్లు కక్కించాలని చూసి విలువైన సమయం పోగొడతారు. చేయవలసింది వెంటనే నోటితో ఊపిరి అందించి, గుండె ఆగితే ఛాతీ నొక్కడం. ఈ ముక్క ఆసుపత్రిలో కూర్చుని చెబితే చాలదు, ఊరి బడిలో బొమ్మ పెట్టి చూపించాలి. కొబ్బరి ముక్క, వేరుశనగ గింజ ఊపిరిగొట్టంలో ఇరుక్కుని, పది రోజుల తరువాత "తగ్గని దగ్గు" పేరుతో వచ్చే పిల్లలున్నారు. "దగ్గు మొదలైన రోజు ఏమైనా తింటూ పొలమారిందా అమ్మా?" అని అడగకపోతే మూడు రకాల యాంటీబయాటిక్‌లు వాడినా తగ్గదు.

వరద వచ్చిందంటే అది మరో పరీక్ష. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినప్పుడు లంకలకు పంట్లు ఆగిపోయాయి, నాకు ఫోన్లు మొదలయ్యాయి. ఫోనులో బిడ్డ కనబడడు, స్టెతస్కోపు పనిచేయదు. మిగిలింది తల్లి మాట ఒక్కటే. "పాలు పట్టి తాగుతోందా, వదిలేస్తోందా? చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది? నోట్లో వేలు పెట్టి చూడమ్మా, తడిగా ఉందా? పిలిస్తే చూస్తోందా?" నాలుగు ప్రశ్నలతో, ఏ బిడ్డ కోసం పడవ అడగాలో, ఏ బిడ్డ పొద్దుటి దాకా ఆగగలదో తేల్చుకోవాలి. ఆ రాత్రుళ్లలో నాకు చదువుకున్న చదువంతటికంటే, పాతికేళ్ల కిందట గుమ్మంలో వెనక్కి తిరిగి చూసిన ఆ తల్లే ఎక్కువ పనికొచ్చింది.

ఇంత చెప్పాక మీలో కొందరికి, రోగుల మధ్య కాకుండా ప్రయోగశాలలో ఉండాలనిపించవచ్చు. వారికి కూడా మన గడ్డ మీద ఒక పెద్ద పేరుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమనే విటమిన్‌ను తయారుచేసిన బృందాన్ని నడిపించారు. ఆ ఆమ్లం పనిని అడ్డుకునే అమినాప్టెరిన్ అనే మందు కూడా అక్కడినుంచే బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడికి చేరింది. ల్యుకీమియాతో, అంటే రక్త క్యాన్సరుతో, వారాల్లో చనిపోవలసిన పిల్లల్లో ఆ మందుతో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా చికిత్సలో ఉంది. సంపన్న దేశాల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. భీమవరం నుంచి వచ్చే పిల్లవాడికి మన ఆసుపత్రిలో ఆ మందు ఎక్కించిన రోజున నేను ఈ కథ వాళ్ల నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక దారి సంగతి, ఇది మీకు నాకంటే బాగా తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎంబీబీఎస్, హౌస్‌సర్జన్సీ అయ్యాక నీట్ పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా మూడేళ్ల ఎం.డి. పీడియాట్రిక్స్ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ చేయవచ్చు. రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది. ఆపైన నీట్ ఎస్‌ఎస్ రాసి మరో మూడేళ్లు డీఎం అనే పై చదువు చేస్తే నవజాత శిశు వైద్యం, పిల్లల గుండె, మెదడు, మూత్రపిండాలు, క్యాన్సరు, ఇంటెన్సివ్ కేర్ వంటి శాఖల్లో స్థిరపడవచ్చు. పిల్లల శస్త్రచికిత్స వైపు వెళ్లాలనుకునేవారు మాత్రం సర్జరీ మార్గంలో పోవాలి, మా దారిన వస్తే ఆ తలుపు తెరుచుకోదు. ఏటా కౌన్సెలింగ్ తరువాత ఈ ఒక్క విషయం తెలియక బాధపడేవాళ్లు కనబడతారు, అందుకే చెప్పాను.

డబ్బు గురించి అడగడానికి మీరు సిగ్గుపడతారు, నేను చెప్పడానికి సిగ్గుపడను. కత్తి పట్టే శాఖలతో, స్కానింగ్ శాఖలతో పోల్చితే మా రాబడి తక్కువ. రోజుకు ఎక్కువమందిని చూడాలి, ఒక్కొక్కరికీ ఎక్కువసేపు చెప్పాలి, ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది. వర్షాకాలం, చలికాలం ఊపిరాడదు, వేసవిలో గది ఖాళీ. ప్రసవం గదికి పిలిస్తే అన్నం పళ్లెం వదిలి పరిగెత్తాలి, ఎందుకంటే పుట్టిన పదిమందిలో ఒకరికి ఊపిరి తీయడానికి ఎంతో కొంత సాయం కావాలి, ఆ సాయం అందవలసింది మొదటి నిమిషంలో. తుడిచి, వెచ్చబరిచి, వీపు రుద్దినా ఊపిరి అందుకోని బిడ్డకు చిన్న బ్యాగు, మాస్కుతో గాలి అందిస్తున్నప్పుడు ఛాతీ మొదటిసారి పైకి లేస్తుంది చూశారూ, దాన్ని వర్ణించి మిమ్మల్ని ఈ శాఖలోకి లాగడం న్యాయం కాదు. ఆ నిమిషం బాగుంటుంది. ఛాతీ లేవని రాత్రులు కూడా ఉంటాయి, బయట వరండాలో నిలబడ్డ తండ్రికి ఆ మాట చెప్పవలసిందీ మీరే.

"మన రాష్ట్రంలో పిల్లలే తగ్గిపోతున్నారు కదా సార్, మేము ఎవరికి వైద్యం చేయాలి?" అని ఇంతకుముందు ఒక విద్యార్థిని అడిగింది. మంచి ప్రశ్న. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. నేను చదువుకునే రోజుల్లో వార్డును నింపిన తట్టు, ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) కూడా టీకాల వల్ల బాగా తగ్గాయి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. పిల్లల విరేచనాలను నివారించే రోటావైరస్ టీకాను 2016లో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాలలో మనదీ ఒకటి. కాబట్టి నా తరం చేసిన పని మీ తరానికి ఉండదు. కానీ నా తరంలో కిలోన్నర బరువుతో పుట్టి బతకని బిడ్డ ఇప్పుడు బతుకుతోంది. ఆ బిడ్డ కంటిచూపును, వినికిడిని, మాటను, నడకను ఏళ్ల తరబడి గమనించేవారు కావాలి. గుండె ఆపరేషను అయిన పిల్లలు పెద్దవుతున్నారు. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తలోపం ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మధుమేహం ఉన్న ఆరేళ్ల బిడ్డకు రోజూ ఇన్సులిన్ ఇవ్వడం కూలికి వెళ్లే తల్లికి నేర్పాలి. మూడేళ్లొచ్చినా మాట రాని బిడ్డను "మగపిల్లలకు ఆలస్యమే లెండి" అని చుట్టాలంతా అంటుంటే, తల్లి ఒక్కతే, "పిలిస్తే తిరిగి చూడడండీ" అని మీ దగ్గరకు వస్తుంది. అప్పుడు మీరు కూడా చుట్టాల పక్షం చేరితే ఆ బిడ్డకు రెండేళ్లు పోతాయి. తలలు తగ్గుతాయి గానీ, ఒక్కొక్క తలకు పట్టే సమయం పెరుగుతుంది. ఆ సమయానికి తగిన ఫీజు ఇవ్వడం మన సమాజం ఇంకా నేర్చుకోలేదన్నది నా ఫిర్యాదు, దానికి మీరేమీ చేయలేరు లెండి.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయండి. బుధవారం గానీ శనివారం గానీ దగ్గరలోని ఏదైనా పల్లెకు వెళ్లి, టీకాలు వేసే చోట ఏఎన్‌ఎం పక్కన ఒక పూట కూర్చోండి. ఏమీ చేయవద్దు, తల్లులు ఆమెను ఏమి అడుగుతున్నారో రాసుకోండి. తరువాత పిల్లల వార్డు పోస్టింగులో మూడు రాత్రులు నవజాత శిశు విభాగంలో డ్యూటీ అడిగి వేయించుకోండి. తెల్లవారుజామున మూడింటికి, నర్సమ్మ, "డాక్టరు గారూ, నాలుగో నంబరు బేబీ పాలు తీసుకోవట్లేదండి, ఎందుకో తేడాగా ఉంది" అన్నప్పుడు మీకు లేచి వెళ్లి చూడాలనిపిస్తుందా, పొద్దున చూద్దాంలే అనిపిస్తుందా అన్నది ఎవరికీ చెప్పనక్కరలేదు, మీకు తెలిస్తే చాలు. వెళ్లేటప్పుడు సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి జేబులో వేసుకోండి. లోపలికి పోయే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి కాబట్టి మణికట్టుకు కట్టుకోవద్దు. సెల్‌ఫోను తీసి లెక్కపెట్టవద్దు, దాన్ని ముట్టుకున్నాక మళ్లీ చేతులు కడగాలి.

ప్రశ్నలుంటే అడగండి. వెనుక వరుసలో నిలబడ్డవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.